ట్రెకింగ్‌లో టైమ్‌ల్యాప్స్ తీయడం ఎలా

కొన్ని సెకన్లకొకటి చొప్పున తీసిన ఫొటోల్ని వీడియోగా గబగబా నడిపిస్తే, నిమిషాల తరబడి జరిగేది సెకన్లలో కనిపిస్తుంది. అదే టైమ్‌ల్యాప్స్. పది సెకన్ల టైమ్‌ల్యాప్స్ కావాలంటే 250 ఫొటోలు తీయాలి. వీడియోలో సెకనుకి 25 ఫ్రేములు నడుస్తాయి కాబట్టి ఆ లెక్క. 5 సెకన్లకి ఒకటి చొప్పున తీస్తే 1,250 సెకన్లు, అంటే దాదాపు 21 నిమిషాలు. ఆ 21 నిమిషాలూ కెమెరా వెంట్రుకవాసి కూడా కదలకూడదు. ట్రైపాడ్ నిలబెట్టడం, ఫోకస్ చూసుకోవడం, మళ్లీ అన్నీ సర్దుకోవడం కలిపితే ఒక్క క్లిప్పుకి ముప్పావుగంట పోతుంది. వెలుతురు ఉండగానే దిగాల్సిన నడకలో ముప్పావుగంట చాలా పెద్దది. అందుకని రోజంతా నడిచే రోజున రెండే టైమ్‌ల్యాప్స్‌లు పెట్టుకోండి. ఒకటి ఎలాగూ కూర్చుని తినే చోట, రెండోది వెలుతురు బాగుండే వేళకి చేరే చోట. మూడోదాని ఆశతో హడావిడి పడితే మిగిలిన రెండూ సరిగ్గా రావు.

ఎన్ని సెకన్లకి ఒకటి?

కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఎక్కడో చదివిన అంకె పెట్టేస్తారు, ఇంటికొచ్చి చూస్తే మబ్బులు ఈగల్లా ఎగిరిపోతుంటాయి. నిజానికి ఈ అంకెని అక్కడికక్కడే కొలిచి తేల్చుకోవచ్చు. ఫ్రేము ఎక్కడి నుంచి ఎక్కడిదాకా వస్తుందో చూసుకుని, మబ్బు అంచు ఒకటి ఎంచుకోండి. అది ఫ్రేములో నాలుగో వంతు దాటడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూసి, దాన్ని నాలుగుతో హెచ్చించండి. మబ్బు మొత్తం ఫ్రేము దాటే సమయం వస్తుంది. వీడియోలో అదే మబ్బు 6 సెకన్లలో దాటితే కంటికి హాయిగా ఉంటుంది. 6 సెకన్లంటే 150 ఫ్రేములు. కాబట్టి మీకొచ్చిన అంకెని 150తో భాగించండి. మబ్బు 5 నిమిషాల్లో దాటుతుంటే 300ని 150తో భాగిస్తే 2 సెకన్లు. 15 నిమిషాలు పడుతుంటే 6 సెకన్లు.

లోయలోంచి పైకి పాకే పొగమంచుకి 2 లేక 3 సెకన్లు సరిపోతుంది. ఎదురుగా ఉన్న వాలు మీద నీడలు జరగడం చూపించాలంటే 15 నుంచి 20 సెకన్లు. గుడారాలు వేస్తున్న మనుషులకైతే 1 సెకను. ఎటూ తేలకపోతే తక్కువ అంకే పెట్టండి. ఫ్రేములు ఎక్కువైతే ఎడిటింగ్‌లో ఒకటి విడిచి ఒకటి తీసేయొచ్చు, తక్కువైతే లేనివి ఎక్కడి నుంచీ తేలేం.

బ్యాగులోకి ఏమేం

కెమెరా, వైడ్ లెన్స్, ట్రైపాడ్, రెండు బ్యాటరీలు, 64 జీబీ కార్డు, తలకి కట్టుకునే లైటు. ఇంతవరకు అందరికీ తెలిసిందే. చాలా కెమెరాల్లో ఇంటర్వెల్ షూటింగ్, అంటే ఇన్ని సెకన్లకి ఒకటని కెమెరా తనంతట తానే ఫొటోలు తీయడం, మెనూలోనే ఉంటుంది. లేకపోతే కేబుల్‌తో తగిలించే ఇంటర్వెలోమీటర్ కావాలి. వీటిలో ఒక తిరకాసు ఉంది. కొన్ని ఒక ఫొటో మొదలైన క్షణం నుంచి తర్వాతి ఫొటో మొదలయ్యేదాకా లెక్కపెడతాయి, కొన్ని ఫొటో పూర్తయ్యాక లెక్క మొదలుపెడతాయి. మీది ఏ రకమో ఇంట్లోనే తేల్చుకోండి. షట్టర్ (ఒక్కో ఫొటోకి తెరిచి ఉండే సేపు) 4 సెకన్లు, ఇంటర్వెల్ 6 సెకన్లు పెట్టి నిమిషంలో ఎన్ని క్లిక్కులు వచ్చాయో లెక్కపెట్టండి. 10 వస్తే మొదటి రకం, 6 వస్తే రెండోది.

24 మెగాపిక్సెల్ కెమెరాలో ఒక్కో రా ఫైలు (సెన్సర్ పట్టినదంతా అలాగే దాచే ఫైలు) 25 నుంచి 30 ఎంబీ దాకా ఉంటుంది. 250 ఫొటోలకి సుమారు 7 జీబీ. ఎడిటింగ్‌లో రంగులు, వెలుతురు సరిచేసుకోవాలంటే రా ఫైళ్లుగానే తీయండి.

బ్యాటరీ విషయంలో పిసినారితనం వద్దు. సీక్వెన్స్ మధ్యలో బ్యాటరీ మారిస్తే ఎంత జాగ్రత్తగా మార్చినా ఫ్రేము జరుగుతుంది, ఆ కుదుపు వీడియోలో తెలిసిపోతుంది. ప్రతి సీక్వెన్స్‌నీ నిండు బ్యాటరీతోనే మొదలుపెట్టండి. చలిలో లిథియం బ్యాటరీ తొందరగా నీరసపడుతుంది, అందుకని రెండోదాన్ని చొక్కా లోపలి జేబులో ఒంటి వేడికి ఉంచండి. పవర్‌బ్యాంకుతో నడిపించాలనుకుంటే మీ కెమెరా ఆన్‌లో ఉండగా యూఎస్‌బీ కరెంటు తీసుకుంటుందో లేదో ముందే చూసుకోవాలి. కొన్ని ఆఫ్‌లో ఉన్నప్పుడు మాత్రమే ఛార్జ్ అవుతాయి.

ఫ్రేము ఎంచుకోవడం

కదిలేదాని అందం కదలనిదాని పక్కన పెడితేనే తెలుస్తుంది. ఫ్రేములో ఒక బండరాయో, శిఖరమో, ఎండిన మోడో గట్టిగా నిలబడి ఉండాలి. ముందుభాగంలో గడ్డి, సన్నకొమ్మలు మాత్రం వద్దు. గాలికి అవి అటూ ఇటూ ఊగి, వీడియోలో పిచ్చెత్తినట్టు వణుకుతుంటాయి, చూసేవాళ్ల కళ్లు మబ్బుల్ని వదిలేసి వాటిమీదే పడతాయి. మబ్బులు అడ్డంగా దాటడం కన్నా కెమెరా వైపు వస్తున్నట్టో దూరంగా పోతున్నట్టో ఉంటే ఆకాశానికి లోతు వస్తుంది. వాలు వంపు అనుమతిస్తే కెమెరాని ఆ దిశకే తిప్పండి.

ఫ్రేము కొంచెం వెడల్పుగానే తీసుకోండి. 24 మెగాపిక్సెల్ ఫొటో 6000 పిక్సెళ్ల వెడల్పు ఉంటుంది, 4కే వీడియోకి 3840 చాలు. మిగిలిన చోటు మీ చేతిలో పెట్టుబడి. వంకర సరిచేయడానికైనా, ఎడిటింగ్‌లో మెల్లగా దగ్గరికి జరుగుతున్నట్టు చూపడానికైనా అదే పనికొస్తుంది. ఫొటో 3:2, వీడియో 16:9 కాబట్టి పైనా కిందా కొంత కోత పడుతుంది. శిఖరం కొసని పై అంచుకి ఆనించి పెట్టకండి.

ట్రైపాడ్ కింద నేల

ట్రైపాడ్ ఎంత ఖరీదైనదన్నది తర్వాతి మాట, అది దేని మీద నిలబడిందో ముందు చూడాలి. నాచు, తడిమట్టి, ఇసుక, మంచు, వీటన్నిటి మీదా కాళ్లు మెల్లగా దిగబడతాయి. మీకు కనిపించదు. ఇరవై నిమిషాల్లో రెండు మిల్లీమీటర్లు దిగినా కొండ మొత్తం ఒక పక్కకి ఒరిగిపోతున్నట్టు వస్తుంది. బండ దొరికితే బండ మీద పెట్టండి. దొరక్కపోతే ప్రతి కాలునీ అరచేత్తో కిందికి గట్టిగా అదిమి, ఇంక దిగదన్నాకే కెమెరా బిగించండి. లేదా కాలికొక పలకరాయి వేయండి.

సన్నటి కింది భాగాలు బయటికి లాగకండి, మధ్య కడ్డీని పైకెత్తకండి. మోకాలి ఎత్తులో ఉన్న ట్రైపాడ్ భుజం ఎత్తులో ఉన్నదానికన్నా గాలిని బాగా తట్టుకుంటుంది. వాలు మీదైతే ఒక కాలు దిగువ వైపు ఉండాలి. మధ్య కొక్కేనికి బ్యాగు తగిలించేటప్పుడు దాని అడుగు నేలకి ఆనాలి. గాల్లో వేలాడితే గాలికి ఊగి, ఆపాల్సిన బరువే కుదిపే బరువవుతుంది. కెమెరా పట్టీని తీసేయండి, తీయడం కుదరకపోతే చుట్టి టేపు వేయండి. ఊగే పట్టీ తెరచాపలా గాలిని పట్టుకుంటుంది.

అన్నీ బిగించాక లెన్సుని వేలికొసతో ఒకసారి తట్టి, స్క్రీన్ మీద పది రెట్లు పెద్దది చేసి చూడండి. బొమ్మ వణికి వెంటనే నిలిచిపోవాలి. కాసేపు వణుకుతూనే ఉంటే ఎక్కడో ఒక మర వదులుగా ఉంది. ఎక్కువసార్లు అది కెమెరా అడుగున ఉండే ప్లేటుదే అవుతుంది.

కెమెరాలో ఆటో అన్నది ఉండకూడదు

మోడ్ మాన్యువల్. ఐఎస్ఓ (సెన్సర్ వెలుతురుకి ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) 100, ఆటో ఐఎస్ఓ ఆఫ్. వైట్ బ్యాలెన్స్ ఆటో నుంచి తీసేసి డేలైట్. ఆటో ఉంచితే ఒక మబ్బు ఎండకి అడ్డొచ్చినప్పుడల్లా బొమ్మ నీలంగా, పసుప్పచ్చగా మారుతూ ఉంటుంది. ఆటోఫోకస్‌తో దూరపు శిఖరానికి ఫోకస్ కుదిర్చి, వెంటనే మాన్యువల్‌కి మార్చి, రింగు మీద చిన్న టేపు ముక్క అంటించండి. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు లెన్స్ స్టెబిలైజేషన్ ఆఫ్ చేయాలి, లేకపోతే లేని కదలికని సరిచేయబోయి అదే బొమ్మని కొద్దికొద్దిగా జరుపుతుంది. ఫొటో తీశాక స్క్రీన్ మీద చూపించే ప్రివ్యూ ఆఫ్, బ్యాటరీ మిగులుతుంది. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ కూడా ఆఫ్ చేయండి. అది ప్రతి పొడవాటి ఫొటో తర్వాత అంతే సేపు చీకటి ఫొటో ఒకటి తీసుకుంటుంది, ఆ సమయంలో తర్వాతి ఫ్రేములు తప్పిపోతాయి.

వెలుతురు ఎంత పెట్టాలి? ఇప్పుడున్న వెలుతురుకి కాదు, ఈ అరగంటలో రాబోయే అత్యధిక వెలుతురుకి. సూర్యుడు మబ్బు చాటున ఉన్నప్పుడు కుదిర్చి వదిలేస్తే, బయటికి రాగానే మబ్బుల అంచులు తెల్లగా కాలిపోతాయి. కాలిపోయినదాంట్లోంచి ఎడిటింగ్ ఏమీ తిరిగి తీసుకురాలేదు. ఎండ వచ్చేదాకా ఒక్క నిమిషం ఆగి, అప్పుడు హిస్టోగ్రామ్ (ఎడమన చీకటి, కుడిన వెలుతురు ఎంతుందో చూపే గ్రాఫ్) కుడి అంచుకి తగలకుండా చూసి బిగించండి. ఆగే వీలు లేకపోతే ఒక స్టాప్ తక్కువ, అంటే సగం వెలుతురే పెట్టండి.

సగం సమయం షట్టర్ తెరిచి

పగటి టైమ్‌ల్యాప్స్‌లు చాలావరకు గతుకుల రోడ్డు మీద నడిచినట్టు ఉండడానికి కారణం షట్టర్ వేగం మరీ ఎక్కువ కావడం. 1/400 సెకనులో తీసిన మబ్బు ప్రతి ఫ్రేములోనూ శిలలా నిలిచిపోతుంది, తర్వాతి ఫ్రేములో ఇంకోచోటికి గెంతుతుంది. ఇంటర్వెల్‌లో దాదాపు సగం సేపు షట్టర్ తెరిచి ఉంటే, కదిలిన దారి ఫొటోలో కొంచెం సాగి, కదలిక నీటిలా పారుతుంది. 5 సెకన్ల ఇంటర్వెల్‌కి షట్టర్ రెండున్నర సెకన్లు.

మంచి ఎండలో అంతసేపు తెరవాలంటే ఎన్‌డీ ఫిల్టర్, అంటే లెన్సు ముందు బిగించే నల్లటి అద్దం, తప్పదు. ఐఎస్ఓ 100, అపెర్చర్ (లెన్సులో వెలుతురు దూరే కన్నం, ఎఫ్ అంకె పెరిగేకొద్దీ చిన్నదవుతుంది) ఎఫ్/8 దగ్గర నిండు ఎండకి 1/400 సెకను చాలు. దాని మీద వెలుతురుని వెయ్యో వంతుకి తగ్గించే 10 స్టాప్‌ల ఫిల్టర్ పెడితే 2.5 సెకన్లు వస్తుంది, సరిగ్గా కావాల్సినంత. 6 స్టాప్‌లది 64 రెట్లు మాత్రమే తగ్గిస్తుంది, 0.16 సెకను దగ్గర ఆగిపోతారు. అది మబ్బు పట్టిన రోజుకి, ఎండ వాలిన వేళకి బాగుంటుంది. ఒక్కటే కొనగలిగితే 10 స్టాప్‌లది కొనండి. ఫిల్టర్ బిగించక ముందే ఫోకస్ చేయండి, బిగించాక కెమెరాకి ఏమీ సరిగ్గా కనిపించదు. అద్దంలోంచి చూసే డీఎస్ఎల్ఆర్ అయితే వ్యూఫైండర్‌ని మూసేయండి, వెనకనుంచి దూరే వెలుతురు ఫొటోని పాడుచేస్తుంది.

ఆకాశాన్ని ముదురు చేసే పోలరైజర్ ఫిల్టర్ మాత్రం వాడకండి. వైడ్ లెన్సులో ఆకాశం ఒకచోట ముదురుగా, ఒకచోట వెలిసిపోయినట్టు వస్తుంది, సూర్యుడు జరిగేకొద్దీ ఆ మచ్చ కూడా జరుగుతుంది.

ఫ్లిక్కర్

అన్నీ మాన్యువల్‌లో పెట్టినా వీడియో దీపం రెపరెపలాడినట్టు మిణుకుతుంది. కెమెరా చెడిపోయిందని భయపడతారు. తప్పు అపెర్చర్ రెక్కలది. ఆటో లెన్సు ప్రతి ఫొటోకి ముందు రెక్కల్ని ఎఫ్/11 దాకా మూసి, తర్వాత తెరుస్తుంది. ప్రతిసారీ అచ్చం అదే చోట ఆగవు. తేడా ఒక స్టాప్‌లో పదో వంతు కూడా ఉండకపోవచ్చు. విడి ఫొటోలో మీరు దాన్ని పట్టుకోలేరు, సెకనుకి 25 చొప్పున పరిగెత్తిస్తే మాత్రం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కన్నం చిన్నదయ్యేకొద్దీ అదే చిన్న తేడాకి వెలుతురు ఎక్కువ మారుతుంది, అందుకే ఎఫ్/16 దగ్గర మిణుకు బాగా ఎక్కువ.

మందు మూడు రకాలు. ఎన్‌డీ ఫిల్టర్ పెట్టి అపెర్చర్‌ని వీలైనంత తెరిచి ఉంచడం ఒకటి. పూర్తిగా తెరిస్తే రెక్కలు కదలనే కదలవు. లెన్సు మీద అపెర్చర్ రింగు ఉండే పాత మాన్యువల్ లెన్సు వాడడం రెండోది. తిప్పినచోటే ఉంటుంది కాబట్టి ఈ జబ్బే రాదు, తక్కువ డబ్బుతో తేలే దారి కూడా ఇదే. మూడోది ఎడిటింగ్‌లో డీఫ్లిక్కర్ చేయడం. పని చేస్తుంది గానీ, మొదటి రెండూ చేశాక మిగిలినదానికి వాడుకుంటే మేలు.

మొదలుపెట్టాక

ముందు పది ఫొటోలు తీసి చూడండి. మొదటిదీ పదోదీ పెద్దవి చేసి పక్కపక్కన పోల్చండి. శిఖరం అంచు రెండింటిలోనూ ఒకేచోట ఉండాలి. ఉంటే అసలు సీక్వెన్స్ మొదలుపెట్టి, కనీసం పదడుగులు వెనక్కి జరగండి. మెత్తటి నేల మీద పక్కనే నడిస్తే ట్రైపాడ్ కదులుతుంది. కాలిబాటకి అడ్డంగా ట్రైపాడ్ పెట్టకండి, ఫ్రేము కోసం మొక్కలు విరవకండి.

కొండ మీద గాలి ఉన్నట్టుండి పెరిగితే మీ ఒంటినే అడ్డుగోడ చేసి గాలి వచ్చే వైపు కూర్చోండి. ఉరుము వినిపిస్తే మెరుపు నుంచి ఉరుముదాకా లెక్కపెట్టండి. 30 సెకన్లు, అంతకన్నా తక్కువైతే పిడుగు సుమారు 10 కిలోమీటర్ల లోపే పడుతోంది. ఎత్తైన చోట ట్రైపాడ్ పక్కన నిలబడే సమయం కాదది. సర్దుకోవడానికి కూడా ఆగకుండా దిగండి, చివరి ఉరుము తర్వాత అరగంటదాకా పైకి రాకండి.

సాయంత్రం నుంచి చీకటి దాకా

అస్తమయానికి అరగంట ముందు మొదలుపెట్టి అరగంట తర్వాత ఆపడం కొత్తవాళ్లకి సరైన కొలత. 8 సెకన్ల ఇంటర్వెల్‌తో గంటకి 450 ఫొటోలు, 18 సెకన్ల వీడియో. ఇక్కడ వెలుతురు తగ్గుతూనే ఉంటుంది కాబట్టి సెట్టింగులు మార్చక తప్పదు. హిస్టోగ్రామ్ ఎడమకి జరిగిందనిపించినప్పుడల్లా షట్టర్‌ని మూడో వంతు స్టాప్ పెంచండి, అంతకన్నా ఒకేసారి వద్దు. ఒక ఫొటో పూర్తయి తర్వాతిది మొదలయ్యే లోపు, డయల్‌ని రెండు వేళ్లతో తేలిగ్గా తిప్పాలి. ఫోన్ యాప్‌తో మార్చగలిగితే ఇంకా మంచిది. షట్టర్ 6 సెకన్లకి చేరాక ఆగండి, ఫొటో కార్డులోకి చేరడానికి 2 సెకన్లు మిగలాలి. అక్కడి నుంచి ఐఎస్ఓ పెంచండి. ఈ మెట్లు వీడియోలో వెలుతురు గెంతులుగా కనిపిస్తాయి. వాటిని నున్నగా చేయడానికే ఎల్ఆర్‌టైమ్‌ల్యాప్స్ లాంటి సాఫ్ట్‌వేర్ ఉంది.

సూర్యుణ్ణి టెలిఫొటో లెన్సుతో గురిపెట్టి నిమిషాల తరబడి వదిలేయకండి, సెన్సర్ కాలిపోవచ్చు. డీఎస్ఎల్ఆర్ వ్యూఫైండర్‌లోంచి అసలే చూడకండి.

నక్షత్రాలకి అమావాస్య దగ్గరి రాత్రులు మేలు. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉండే) కెమెరాలో 500ని లెన్స్ ఎంఎం అంకెతో భాగిస్తే చుక్క గీతగా సాగకుండా ఎన్ని సెకన్లు తెరవొచ్చో సుమారుగా తెలుస్తుంది. 20 ఎంఎంకి 25 సెకన్లు. ఎఫ్/2.8, ఐఎస్ఓ 3200, ఇంటర్వెల్ 27 సెకన్లు. 250 ఫ్రేములకి గంటా 52 నిమిషాలు పడుతుంది, అంటే రాత్రి అక్కడే బస చేసేటప్పుడే ఇది కుదురుతుంది. ఫోకస్‌ని ఒక ప్రకాశమైన చుక్క మీద పెట్టి, స్క్రీన్ మీద పెద్దది చేసి, అది సూదిమొనంత అయ్యేదాకా రింగు తిప్పండి.

రాత్రి సీక్వెన్స్‌లకి అసలు శత్రువు తేమ. గంట గడిచేసరికి లెన్సు ముందుభాగం చల్లబడి మంచు పడుతుంది, ఫ్రేములు ఒక్కొక్కటీ పాల రంగులోకి మారిపోతాయి. మధ్యలో తుడిస్తే కెమెరా కదులుతుంది. మొదలుపెట్టేటప్పుడే లెన్సు హుడ్ బిగించి, హ్యాండ్ వార్మర్ పొట్లం ఒకటి లెన్సు చుట్టూ రబ్బరు బ్యాండుతో కట్టేయండి. పొద్దున్న వెచ్చటి గదిలోకి వెళ్లేముందు కెమెరాని ప్లాస్టిక్ సంచిలో గట్టిగా మూసి, గది వేడికి వచ్చాకే తెరవండి.

ఫోన్ ఒక్కటే ఉంటే

నిలకడ విషయంలో చెప్పినవన్నీ ఫోనుకీ వర్తిస్తాయి. తెర మీద కాసేపు నొక్కిపట్టి ఫోకస్‌నీ వెలుతురునీ లాక్ చేయండి. ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, ఒక్క కాల్ వైబ్రేషన్‌తో అంతా పోతుంది. ఇంటర్వెల్ మీ చేతిలో ఉండాలంటే ఫోన్‌లో ఉండే టైమ్‌ల్యాప్స్ మోడ్ చాలకపోవచ్చు, ఇంటర్వెల్ పెట్టుకునే యాప్ వేసుకోండి.

వీడియో చేయడం

ఒక్కో సీక్వెన్స్‌ని ఒక్కో ఫోల్డర్‌లో పెట్టండి. మధ్యలో ఉన్న ఒక ఫొటోని తీసుకుని రంగు, వెలుతురు, వంకర సరిచేసి, అవే మార్పుల్ని మిగిలిన అన్నిటికీ సింక్ చేయండి. ఒక్కొక్కదాన్నీ విడిగా ముట్టుకుంటే ఫ్లిక్కర్ మీరే తెచ్చుకున్నట్టు. తర్వాత జేపెగ్‌లుగా ఎగుమతి చేసి డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి తెస్తే, వరస అంకెలున్న ఫొటోలన్నిటినీ అది ఒకే క్లిప్పుగా తీసుకుంటుంది. ఉచిత వెర్షన్ చాలు. ప్రాజెక్టు ఫ్రేమ్ రేటు 25 అని ఫొటోలు తెచ్చే ముందే పెట్టండి.

అన్నీ సరిగ్గా చేసినా క్లిప్పు రెండు ముక్కలై, సాయంత్రం ముందూ మధ్యాహ్నం వెనకా వస్తే కంగారుపడకండి. కెమెరా ఫైలు అంకె 9999 దాకా వెళ్లి మళ్లీ 0001 నుంచి మొదలైంది, అంతే. ఫోల్డర్‌ని తీసిన సమయం ప్రకారం వరస పెట్టి, అన్నిటికీ 0001 నుంచి కొత్త అంకెలు వేసి మళ్లీ తెరవండి.